ఆఫ్‌సెట్ సున్నా, తేడా 3.6 మిల్లీసెకన్లు: ఒక ఎన్‌టీపీ కేస్ స్టడీ

నేపథ్యం

సుమారు 80 కిలోమీటర్ల విద్యుత్ లైను. రెండు చివర్లా డిస్టర్బెన్స్ రికార్డర్లు ఉన్నాయి. లైనులో ఎక్కడ ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చినా రెండూ దాన్ని పట్టుకుని టైమ్ స్టాంప్ వేసి దాచుకుంటాయి. తర్వాత ఇంజనీర్లు రెండు రికార్డులనీ ఒకే టైమ్‌లైన్ మీద పరిచి ఏ రిలే ముందు కదిలింది, ఏ బ్రేకర్ ఎప్పుడు తెరుచుకుంది అని చూస్తారు. అందుకోసం రెండు చివరల గడియారాల మధ్య తేడా 1 మిల్లీసెకను దాటకూడదని పెట్టుకున్నారు. సంస్థ, ఊరు, పరికరాల తయారీదారు వివరాలు ఇక్కడ వదిలేశాం, అంకెలు కొంచెం గుండ్రం చేశాం.

మెయిన్ సైట్‌లో జీపీఎస్ యాంటెన్నాతో నడిచే స్ట్రాటమ్ 1 (టైమ్‌ని అసలు మూలం నుంచి నేరుగా తీసుకునే) టైమ్ సర్వర్లు రెండున్నాయి. రిమోట్ సైట్‌లో యాంటెన్నా లేదు. పరికరాల గది నేలమాళిగలో ఉంది, పైకప్పు దాకా కేబుల్ లాగాలంటే అనుమతులు కావాలి. అందుకని అక్కడ ఒక లినక్స్ సర్వర్ పెట్టారు. అది ఎన్‌టీపీడీతో (నెట్‌వర్క్ మీదుగా గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ పద్ధతిని నడిపే ప్రోగ్రామ్) మెయిన్ సైట్ సర్వర్లు రెండింటి దగ్గరా టైమ్ తీసుకుంటుంది. రికార్డర్లూ, మిగతా ముప్పై చిల్లర మెషీన్లూ దాని దగ్గర తీసుకుంటాయి. రెండు సైట్ల మధ్య క్యారియర్ (టెలికాం సంస్థ) ఇచ్చిన 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను ఉంది. రౌండ్ ట్రిప్ 14.2 మిల్లీసెకన్లు.

ఈ చివరి అంకె దగ్గర ఎవరైనా ఆగి ఉంటే కేసు ఇంత సాగేది కాదు. ఫైబర్‌లో సంకేతానికి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు పడుతుంది. 80 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 0.8 మిల్లీసెకన్లు చాలు. మిగతా 13 మిల్లీసెకన్ల పైచిలుకు ప్యాకెట్ ఎక్కడెక్కడ తిరిగొస్తోంది, వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటేనా అని ఎవరూ అడగలేదు.

సమస్య ఎలా బయటపడింది

ఒక ఫాల్ట్ విశ్లేషణలో లెక్క కుదరలేదు. కాంతి వేగానికి దగ్గరగా పోయే తరంగం 80 కిలోమీటర్లు దాటడానికి 0.27 మిల్లీసెకన్లు పడుతుంది. ఫాల్ట్ ఎక్కడ వచ్చినా రెండు చివర్లా కనిపించే సమయాల తేడా అంతకు మించకూడదు. రికార్డులో మాత్రం రిమోట్ చివర 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా కనిపించింది. పాత రికార్డులు డజను దాకా తీసి చూస్తే పగటి పూటవన్నీ 3.4 నుంచి 3.8 మధ్యలో ఉన్నాయి. రాత్రి ఒంటిగంట, నాలుగు గంటల మధ్య వచ్చిన రెండింటిలో ఒకటి 9, ఇంకొకటి 11.5 చూపించింది. అన్నిట్లోనూ ఆలస్యం రిమోట్ చివరదే.

ఆ చివరి విషయమే అసలు ఆధారం. నాయిస్ వల్ల అడ్డదిడ్డంగా వచ్చే పొరపాటు అటూ ఇటూ ఊగుతుంది, ఇది ఒకే వైపు మొగ్గింది. అయినా టీమ్ చూపు స్క్రీన్ మీదే ఉంది. ఎన్‌టీపీడీ పరిస్థితి చూపించే ఎన్‌టీపీక్యూ పట్టికలో ఆఫ్‌సెట్ (సర్వర్ గడియారంతో కనిపించే తేడా) 0.1, 0.3 మిల్లీసెకన్ల మధ్య, జిట్టర్ (కొలతల్లో ఊగు) తక్కువ, రీచ్ 377 (అష్టాంశ సంఖ్య, ఆఖరి ఎనిమిది పోల్స్‌కీ, అంటే సర్వర్‌ని అడిగిన ఎనిమిది సార్లూ, జవాబు వచ్చిందని అర్థం). చూసినవాళ్లు ఎవరైనా గడియారం బాగుందనే అంటారు.

మధ్యలో ఒక పక్కదారి కూడా వచ్చింది. రిమోట్ సైట్‌లో రెండు వర్చువల్ మెషీన్ల ఆఫ్‌సెట్ రంపపు పళ్లలా ఎగిరి పడుతోంది. అక్కడ హోస్ట్ ఇచ్చిన గెస్ట్ టూల్స్ (వర్చువల్ మెషీన్ లోపల నడిచే సహాయక ప్రోగ్రామ్) ఒకవైపు, ఎన్‌టీపీ ఒకవైపు ఒకే గడియారాన్ని పట్టి లాగుతున్నాయి. గెస్ట్ టూల్స్ టైమ్ సింక్ ఆపేస్తే సద్దుమణిగింది. రికార్డర్ల సమస్యతో దీనికి సంబంధం లేదు, కానీ రెండు రోజులు దీని మీదే పోయాయి.

మొదటి ప్రయత్నం: క్రోనీకి మారడం

ఎన్‌టీపీడీ తీసేసి, అదే పని చేసే ఇంకో ప్రోగ్రామ్ క్రోనీ పెట్టారు. పోల్ 1024 సెకన్ల నుంచి 16 సెకన్లకు తగ్గించారు. తరచూ అడిగితే కచ్చితత్వం పెరుగుతుందన్నది ఆలోచన. ఒక మేరకు నిజమే, స్క్రీన్ మీద ఆఫ్‌సెట్ ఇంకా చిన్నదైంది. రికార్డర్ల మధ్య పగటి తేడా మాత్రం 3.6 దగ్గరే కదలకుండా నిలబడింది.

రాత్రి పరిస్థితి ఇంకా దిగజారింది. ఎన్‌టీపీడీ ఆఖరి ఎనిమిది శాంపిళ్లలో తక్కువ డిలే (రౌండ్ ట్రిప్ సమయం) ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. 1024 సెకన్ల పోల్‌తో ఆ ఎనిమిదీ దాదాపు రెండుంపావు గంటల జ్ఞాపకం. క్రోనీ దాచుకునేది గరిష్ఠంగా 64 శాంపిళ్లు. 16 సెకన్ల చొప్పున అది 17 నిమిషాలే. లీజ్డ్ లైను రాత్రి మూడు గంటలు ట్రాఫిక్‌తో నిండిపోయి ఉంటే, పావుగంట దాటాక క్రోనీకి మంచి శాంపిల్ ఒక్కటీ గుర్తుండదు. పొరపాటు మునుపటికన్నా త్వరగా వచ్చి కూర్చుంది.

రెండో ప్రయత్నం: మరిన్ని సోర్సులు

ఇంటర్నెట్‌లోని పబ్లిక్ సర్వర్లు నాలుగు కలిపారు. తప్పు చెప్పే సర్వర్‌ని మెజారిటీ బయటికి నెట్టేస్తుందన్న ఆశ. నెట్టలేదు. సోర్సుల ఎంపిక ఒక్కో సర్వర్ ఆఫ్‌సెట్ చుట్టూ ఒక పరిధి గీసి, ఆ పరిధులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూస్తుంది. రౌండ్ ట్రిప్ 40 మిల్లీసెకన్లున్న సర్వర్ పరిధి అటు 20, ఇటు 20కి పైనే. అంత వెడల్పులో 3.6 ఎక్కడైనా ఇమిడిపోతుంది. పైగా ఇంటర్నెట్ కూడా అదే లీజ్డ్ లైను మీదుగా మెయిన్ సైట్‌కి వెళ్లి అక్కడి నుంచి బయటికి పోతోంది. ఆరు సోర్సులున్నా అందరూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నారు కాబట్టి సాక్షి ఒక్కడే. ఆ నాలుగూ తీసేశారు.

మూడో ప్రయత్నం: వన్‌వే డిలే కొలవడం

దారి రెండు వైపులా సమానంగా లేదేమోనన్న అనుమానం ఇక్కడికి వచ్చాక పుట్టింది. అనుమానం సరైనదే, పరీక్షే తప్పు. రెండు చివర్లా ప్రోగ్రామ్ పెట్టి, పంపిన సమయం, అందిన సమయం తీసుకుని అటు ఎంత, ఇటు ఎంత అని కొలిచారు. అటు 7.1, ఇటు 7.1. దారి సమానంగానే ఉందని రాసుకుని ఆ ఫైల్ మూసేశారు. ఈ కేసులో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. ఎందుకో అంకెలతో చూడాలి.

ఎన్‌టీపీ నాలుగు సమయాలు తీసుకుంటుంది: క్లయింట్ పంపిన సమయం, సర్వర్‌కి అందిన సమయం, సర్వర్ జవాబు పంపిన సమయం, క్లయింట్‌కి అది అందిన సమయం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి, మూడోదాంట్లోంచి నాలుగోది తీసేసి, రెండు ఫలితాలనూ కూడి సగం చేస్తే ఆఫ్‌సెట్. వెళ్లడానికీ రావడానికీ సమానంగా పట్టిందని అనుకుంటేనే ఈ సగం అర్థవంతం.

ఈ లీజ్డ్ లైనులో వెళ్లడానికి (రిమోట్ నుంచి మెయిన్‌కి) 10.7, రావడానికి 3.5 మిల్లీసెకన్లు పడుతోందని తర్వాత తేలింది. రెండు గడియారాలూ నిజానికి సరిగ్గానే ఉన్నాయనుకుందాం. క్లయింట్ 100.0 దగ్గర పంపింది. సర్వర్‌కి 110.7కి అందింది. 110.8కి జవాబు పంపింది. క్లయింట్‌కి 114.3కి చేరింది. మొదటి తేడా 10.7, రెండోది మైనస్ 3.5. కూడితే 7.2, సగం 3.6. సర్వర్ తనకన్నా 3.6 ముందుందని క్లయింట్ నమ్మి, సరిగ్గా ఉన్న గడియారాన్ని 3.6 ముందుకి జరుపుకుంటుంది.

మళ్లీ కొలిస్తే: పంపింది 103.6, సర్వర్‌కి అందింది 110.7, జవాబు 110.8, క్లయింట్‌కి చేరింది 117.9. మొదటి తేడా 7.1, రెండోది మైనస్ 7.1. ఆఫ్‌సెట్ సున్నా. వన్‌వే డిలే అటు 7.1, ఇటు 7.1. దారి ఎంత వంకరగా ఉన్నా, ఆ దారి మీదే సరిచేసుకున్న గడియారాలతో కొలిస్తే అది ఎప్పుడూ తిన్నగానే కనిపిస్తుంది. 

సాఫ్ట్‌వేర్ అబద్ధమాడలేదని కూడా చెప్పాలి. క్రోనీ ట్రాకింగ్ తెరలో రూట్ డిలే (టైమ్ అసలు మూలం దాకా రౌండ్ ట్రిప్), రూట్ డిస్పర్షన్ (దారిలో పోగయ్యే అనిశ్చితి) అని రెండు వరుసలుంటాయి. రూట్ డిలేలో సగం, దానికి డిస్పర్షన్, దానికి ప్రస్తుత ఆఫ్‌సెట్ కలిపితే వచ్చేది గరిష్ఠ పొరపాటు. ఇక్కడ అది 7.1కి పైనే. 3.6 అందులోనే ఉంది. టీమ్ ఆఫ్‌సెట్ వరుస ఒక్కటే చదివింది.

హార్డ్‌వేర్ టైమ్ స్టాంపింగ్ (ప్యాకెట్ సమయాన్ని నెట్‌వర్క్ కార్డే వేయడం) కూడా పెట్టి చూశారు. లోకల్ నెట్‌వర్క్‌లో ఊగు పదుల మైక్రోసెకన్ల నుంచి ఒక మైక్రోసెకను లోపుకి దిగింది. మంచిదే, ఉంచేశారు. 3.6 మిల్లీసెకన్లకు అది మందు కాదు. పీటీపీకి (ఇంకా కచ్చితమైన టైమ్ కోసం ఉన్న మరో ప్రోటోకాల్) మారదామన్న ప్రతిపాదన కూడా ఇదే కారణంతో ఆగింది. దారిలో ఉన్న ప్రతి స్విచ్చూ, రూటరూ తన దగ్గర ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చెప్పగలిగితేనే పీటీపీకి దాని బలం వస్తుంది. క్యారియర్ పరికరాలు చెప్పవు. అప్పుడు పీటీపీ కూడా వెళ్లిన సమయం, వచ్చిన సమయం సమానమనే అనుకుంటుంది.

పనిచేసినది: బయటి సాక్షి

శాశ్వత యాంటెన్నాకి అనుమతి రాలేదు గానీ, రెండు రోజులు కిటికీ దగ్గర ఒక జీపీఎస్ రిసీవర్ పెట్టుకోవడానికి అభ్యంతరం లేకపోయింది. సెకనుకొక పల్స్ ఇచ్చే, పీపీఎస్ అవుట్‌పుట్ ఉన్న రిసీవర్ తీసుకున్నారు. దాన్ని యూఎస్‌బీకి కాకుండా నిజమైన సీరియల్ పోర్ట్ ఉన్న మెషీన్‌కి, డీసీడీ పిన్‌కి కలిపారు. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో ఒక్కో ఫ్రేమ్ 1 మిల్లీసెకను. కొలవబోయేదే 3.6 అయినప్పుడు కొలబద్దలోనే అంత ఊగు ఉంటే కుదరదు. సీరియల్‌లో వచ్చే ఎన్‌ఎంఈఏ వాక్యాన్ని (రిసీవర్ అక్షరాల్లో పంపే తేదీ, సమయం) ఇది ఏ సెకను అని తెలుసుకోవడానికి మాత్రమే వాడారు. అది వందల మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, సెకను అంచుని పల్స్ మాత్రమే చెప్పాలి.

ముందు ఈ సాక్షినే పరీక్షించారు. మెషీన్‌ని మెయిన్ సైట్‌కి తీసుకెళ్లి, అక్కడి స్ట్రాటమ్ 1 సర్వర్‌తో ఒకే స్విచ్ మీద పెట్టి చూస్తే తేడా 20 మైక్రోసెకన్ల లోపు. ఆ తర్వాతే రిమోట్ సైట్‌కి తెచ్చారు. క్రోనీలో పీపీఎస్‌ని అసలు సోర్సుగా పెట్టి, మెయిన్ సైట్ సర్వర్లకు నోసెలెక్ట్ తగిలించారు. అంటే వాటిని కొలుస్తుంది, వాటి మాట వినదు. మెజర్‌మెంట్స్ లాగ్ ఆన్ చేసి 48 గంటలు వదిలేశారు.

లాగ్‌లోంచి రెండు నిలువు వరుసలు తీసి, అడ్డంగా డిలే, నిలువుగా ఆఫ్‌సెట్ పెట్టి చుక్కలు వేశారు. ఎన్‌టీపీని రూపొందించిన డేవిడ్ మిల్స్ ఈ బొమ్మని వెడ్జ్ స్కాటర్‌గ్రామ్ అనేవారు. రెండు వైపులా సమానంగా రద్దీ ఉంటే చుక్కలు నోరు తెరిచిన కత్తెరలా పరుచుకుంటాయి. కత్తెర మొన కనిష్ఠ డిలే దగ్గర ఉంటుంది. రెండు అలుగులూ ప్లస్ సగం, మైనస్ సగం వాలుతో సాగుతాయి. ఇక్కడ మొన 14.2 డిలే, 3.6 ఆఫ్‌సెట్ దగ్గర ఉంది. అది సున్నా దగ్గర ఉండాలి. పైగా ఒక్క అలుగే ఉంది, పైది. డిలే 44.2 ఉన్న చుక్కలకు ఆఫ్‌సెట్ 18.6, అంటే డిలే 30 పెరిగితే ఆఫ్‌సెట్ కచ్చితంగా 15 పెరిగింది. ఆ అదనపు ఆలస్యమంతా ఒక్క దిక్కులోనే, రిమోట్ నుంచి మెయిన్‌కి వెళ్లే దిక్కులోనే ఉందని దీని అర్థం.

అలా ఒకే బొమ్మలో రెండు జబ్బులు విడివిడిగా కనిపించాయి. మొన పక్కకి జరగడం దారుల తేడా. అలుగు ఒకటే ఉండటం రాత్రి రద్దీ. రెండింటికీ మందు ఒకటి కాదు.

రాత్రి రద్దీకి

ఒంటిగంటకి రిమోట్ సైట్ బ్యాకప్ మెయిన్ సైట్‌కి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ నిండిపోయి, క్యూలో ఎన్‌టీపీ ప్యాకెట్లు కూడా నిలబడతాయి. యూడీపీ 123కి (ఎన్‌టీపీ వాడే పోర్టు) డీఎస్‌సీపీ 46 (ముందు పంపాలని రూటర్లకు చెప్పే) గుర్తు వేసి ప్రయారిటీ క్యూలో పెట్టడం తేలికే. అయితే క్యూ ఎక్కడ తయారవుతుందో అక్కడ పెడితేనే ఫలితం. క్యారియర్ పెట్టెలో తయారయ్యే క్యూని మన రూటర్ గుర్తులు ఏమీ చేయలేవు. అందుకని ముందు రూటర్‌లో మొత్తం ట్రాఫిక్‌ని 90 ఎంబీపీఎస్‌కి షేప్ చేశారు, అంటే అంతకు మించి బయటికి పోకుండా బిగించారు. దాంతో క్యూ మన పెట్టెలోకి వచ్చింది. ఆ తర్వాతే ప్రయారిటీ పనిచేసింది. బ్యాకప్ పద్దెనిమిది నిమిషాలు ఎక్కువ తీసుకుంటోంది, ఎవరూ పట్టించుకోలేదు.

దానికి తోడు క్రోనీలో మ్యాక్స్‌డిలే 0.016 పెట్టారు. రౌండ్ ట్రిప్ 16 మిల్లీసెకన్లు దాటిన శాంపిల్ పారేస్తుంది. క్యూ వల్ల రాగల పొరపాటు అప్పుడు 16లోంచి 14.2 తీసేసి సగం, అంటే 0.9కి మించదు. స్థిరమైన అంకెకి బదులు మ్యాక్స్‌డిలేరేషియో అనే సెట్టింగ్ వాడొచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. అది దాచుకున్న శాంపిళ్లలోని కనిష్ఠంతో పోల్చి చూస్తుంది. రద్దీ 17 నిమిషాలు దాటితే ఆ కనిష్ఠమే పైకి పోతుంది, జల్లెడ కన్నాలు దానంతటవే పెద్దవవుతాయి. స్థిరమైన అంకె మొరటుదే అయినా మోసపోదు. దాని ప్రమాదం ఇంకోటి: దారి మారి రౌండ్ ట్రిప్ 16 దాటితే శాంపిళ్లన్నీ చెత్తబుట్టలోకే పోతాయి, గడియారం తనంతట తాను నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ పొరపాటు 0.1 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) ఉంటే గంటకి 0.36 మిల్లీసెకన్లు జరుగుతుంది. అందుకని లాస్ట్ఆర్ఎక్స్ (ఆఖరి శాంపిల్ వచ్చి ఎంతసేపైందో చెప్పే) వరుస పది నిమిషాలు దాటితే అలారం పెట్టారు.

ఎన్‌టీపీడీలో హఫ్ అండ్ పఫ్ అనే ఫిల్టర్ సరిగ్గా ఇలాంటి ఒకవైపు రద్దీ కోసమే ఉంది. కొన్ని గంటల కనిష్ఠ డిలేని గుర్తుపెట్టుకుని, అదనపు డిలేలో సగాన్ని ఆఫ్‌సెట్‌లోంచి సరిచేస్తుంది. రాత్రి సమస్యకి అది సరిపోయేది. మొన జరగడాన్ని మాత్రం అదీ చూడలేదు.

దారుల తేడాకి

రెండు వైపుల నుంచీ ట్రేస్‌రూట్ తీస్తే రిమోట్ నుంచి మెయిన్‌కి తొమ్మిది హాప్‌లు (దాటే మజిలీలు), తిరుగుదారిలో ఐదు. క్యారియర్‌ని అడిగితే ఎప్పుడో మరమ్మతు సమయంలో ఒక దిక్కుని ప్రొటెక్షన్ దారికి (అసలు దారి పోతే వాడే ప్రత్యామ్నాయం) మళ్లించామనీ, వెనక్కి మార్చడానికి టికెట్ వేస్తామనీ చెప్పారు. తేదీ చెప్పలేదు.

ఈలోగా క్రోనీలో సర్వర్ లైన్ చివర ఆఫ్‌సెట్ మైనస్ 0.0036 (సెకన్లలో) పెట్టారు. గుర్తు విషయంలో జాగ్రత్త: సర్వర్ వైపు వెళ్లే దారి ఎక్కువ సేపు తీసుకుంటే సవరణ మైనస్. ప్లస్ పెడితే 3.6 కాస్తా 7.2 అవుతుంది, స్క్రీన్ మాత్రం అప్పుడు కూడా సున్నానే చూపిస్తుంది. బయటి సాక్షి ఇంకా అక్కడే ఉండగా పెట్టి చూడటం వల్ల సరిపోయిందని తెలిసింది. ఫాల్ట్ రికార్డుల తేడా 1 మిల్లీసెకను లోపుకి వచ్చింది.

మూడు వారాల తర్వాత క్యారియర్ చెప్పాపెట్టకుండా దారి సరిచేసింది. వెళ్లడానికి 3.5, రావడానికి 3.5. లైను బాగైన ఆ క్షణం నుంచి గడియారం చెడింది. లేని తేడాకి పెట్టిన సవరణే ఇప్పుడు 3.6 మిల్లీసెకన్ల పొరపాటు, ఈసారి అవతలి వైపుకి. పట్టించింది కనిష్ఠ డిలే మీద పెట్టిన అలారం. దాన్ని పైకి మాత్రమే కాకుండా కిందికి కూడా పెట్టి ఉండటం అదృష్టమే: 13 కన్నా తగ్గితే మోగాలని రాసి ఉంది, 7.0 చూసి మోగింది. మ్యాక్స్‌డిలే 0.016 కూడా అప్పటికి పనికిరానిదైంది. 7.0 లైను మీద అది 4.5 మిల్లీసెకన్ల పొరపాటుకి తలుపు తీస్తుంది. సవరణ తీసేసి మ్యాక్స్‌డిలే 0.009కి బిగించారు.

చివరికి యాంటెన్నాకి అనుమతి తెప్పించింది ఈ సంఘటనే. ఇప్పుడు రిమోట్ సర్వర్ పీపీఎస్ మీద నడుస్తోంది. మెయిన్ సైట్ సర్వర్లలో ఒకటి రిజర్వుగా ఉంది, జీపీఎస్ సిగ్నల్ పోతే అది అందుకుంటుంది. రెండోది నోసెలెక్ట్‌తో కాపలాగా ఉంది. దాని ఆఫ్‌సెట్ 1.5 మిల్లీసెకన్లు దాటితే కబురొస్తుంది. అప్పుడు జీపీఎస్ తప్పా, దారి మారిందా అన్నది కనిష్ఠ డిలే చూసి తేల్చుకోవచ్చు: డిలే కదిలితే ముందు దారిని అనుమానించాలి, డిలే కదలకుండా ఆఫ్‌సెట్ ఒక్కటే జరిగితే రిసీవర్‌ని చూడాలి.

ఇలాంటి కేసు చేతికొస్తే చూడాల్సినవి

మొదట రౌండ్ ట్రిప్‌ని దూరంతో పోల్చాలి. కిలోమీటర్లని 10 మైక్రోసెకన్లతో గుణిస్తే వెళ్లి రావడానికి కావలసిన కనీస సమయం వస్తుంది. అసలు కొలత దానికి పదింతలు పైన ఉంటే, ఆ అదనంలో సగం దాకా పొరపాటు దాగి ఉండొచ్చు. మనం ఒప్పుకోగల తేడా ఆ సగం కన్నా బాగా ఎక్కువైతే ఇబ్బంది లేదు. తక్కువైతే సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు, బయటి సాక్షి తేవాలి. ఒక రిసీవర్‌తో రెండు రోజుల కొలత, నెలన్నర కాన్ఫిగ్ మార్పులకన్నా చవక.

స్థిరమైన ఆఫ్‌సెట్ సవరణ పెట్టక తప్పకపోతే, ఏ డిలేకి పెట్టామో కాన్ఫిగ్‌లోనే పక్కన రాయాలి. ఆ డిలే అటు పెరిగినా ఇటు తగ్గినా అలారం ఉండాలి.

మిగిలిన తేడా

యాంటెన్నా వచ్చాక కూడా ఫాల్ట్ రికార్డుల మధ్య 0.3 నుంచి 0.9 దాకా తేడా కనిపించేది. లైను మీద తరంగ ప్రయాణం 0.27, రికార్డర్ సెకనుకి 4000 శాంపిళ్లు తీస్తుంది కాబట్టి ఇంకో 0.25. ఆ పైన మిగిలింది రికార్డర్ లోపలి గడియారానిది. అది 60 సెకన్లకొకసారి ఎస్‌ఎన్‌టీపీతో (ఎన్‌టీపీకి తేలిక రూపం) టైమ్ తీసుకుని, ఒక్కసారిగా దూకి, మళ్లీ తన క్రిస్టల్ మీద నడుస్తుంది. దాని క్రిస్టల్ 8 పీపీఎం దాకా జరుగుతోంది, 60 సెకన్లలో 0.48 మిల్లీసెకన్లు. రికార్డర్ సెట్టింగ్‌లో పోల్‌ని 16 సెకన్లకు తగ్గిస్తే అది 0.13కి దిగింది.